నాలుగు రోజుల్లో అలవాటవుతుంది

లెన్సు అంచు అరగదీస్తున్నప్పుడు అద్దాలమ్మాయి ఎవరు పిలిచినా పలకదు. మిషను నీళ్ళు చిమ్ముకుంటూ గీమని అరుస్తుంటుంది, చెవి దానికే అప్పగించాలి. ఆ అరుపులో కొంచెం తేడా వచ్చిందంటే లెన్సు పోయినట్టే. అందుకని షాపు పెద్దాయన మూడుసార్లు పిలిచి, విసుగెత్తి, వెనకగది తలుపు దబదబా బాదాడు.

"అమ్మాయ్! చెవులకి కూడా లెన్సులు బిగించుకున్నావా? ఇటొచ్చి ఈయన కళ్ళు కొలువు."

ఆమె మిషను ఆపి, చేతులు తుడుచుకుని, తన కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంటూ బయటికి వచ్చింది. ఆమెది మైనస్ ఐదున్నర. ఏడో ఏట మొదలైన కళ్ళజోడు. పొద్దున్నే ముందు దాన్ని తడుముకుని పెట్టుకోవాలి, ఆ తర్వాతే మంచం దిగాలి. లేకపోతే చెప్పులు కూడా దొరకవు. అందరి చూపూ సరిచేసే షాపులో సోడాబుడ్డి కళ్ళజోడు మనిషేమిటని వచ్చినవాళ్ళు నవ్వుతుంటారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేస్తుంది.

ఈ పూట నవ్వు రాలేదు. స్టూలు మీద కూర్చున్న మనిషికి యాభై దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా, జేబులో పెన్ను, మోకాలి మీద గీతలు పడిపోయిన పాత కళ్ళజోడు. కళ్ళు నలుపుకుంటున్నవాడల్లా అలికిడికి తలెత్తాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు ఉంది. గాటు ఉన్నచోట వెంట్రుక మొలవలేదు.

ఆమె అడుగు ఆగిపోయింది. వాన. అద్దం మీద అటూ ఇటూ తిరుగుతున్న వైపర్లు. వాటి వెనక ఇదే ముఖం, ఇదే గాటు. మూడేళ్ళ కిందట తెల్ల వ్యానుతో అన్నయ్యని గుద్దేసి, ఒక్కసారి ఇటు చూసి, స్టీరింగు తిప్పుకుని వెళ్ళిపోయిన ముఖం.

"ఏం తల్లీ, అలా నిలబడిపోయావు? నా ముఖానికి ఏ ఫ్రేమూ నప్పదంటావా?" అన్నాడు ఆ మనిషి.

"ఆ ముఖానికి ఫ్రేముది కాదయ్యా తప్పు," అన్నాడు పెద్దాయన, కార్డు మీద పవరు రాస్తూ. "రెండు కళ్ళూ మైనస్ ఆరు. ఈ గీతల అద్దాలు పెట్టుకుని ఇన్నాళ్ళూ స్కూలు బస్సు ఎలా నడిపావు?"

"నేనెక్కడ నడిపాను సార్? పైవాడు నడిపాడు, నేను హారన్ కొట్టాను."

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అన్నయ్య రోడ్డు మీద ఒక చెప్పుతో పడి ఉన్నాడు, ఈయన ఇక్కడ హాస్యాలాడుతున్నాడు.

కంటిపాపల మధ్య దూరం కొలవాలంటే మనిషికి మనిషి జానెడు దూరంలో కూర్చోవాలి. చిన్న స్కేలు అతని ముక్కు మీద ఆనించింది. అతని ఊపిరి చేతికి తగులుతోంది. "నా కుడికన్ను చూడండి," అంది. చూశాడు. "ఇప్పుడు ఎడమకన్ను." చూశాడు. అన్నయ్యని చూసినట్టే, తొణక్కుండా. స్కేలు ముక్కు మీద నుంచి జారింది. మళ్ళీ కొలిచింది, మళ్ళీ కొలిచింది. మూడుసార్లూ అరవై నాలుగు మిల్లీమీటర్లే వచ్చింది.

"ఈ దెబ్బ ఎలా తగిలింది?" అని అడిగింది, వీలైనంత మామూలుగా.

"ఇదా? వ్యాను వెనక తలుపు కొట్టుకుంది. బస్సుకి రాకముందు సరుకుల వ్యాను తోలేవాణ్ణి."

"తెల్లదా?"

"ఏంటి?"

"వ్యాను."

"సరుకుల వ్యాన్లన్నీ తెల్లవేగా తల్లీ," అని అతను వింతగా చూశాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, రేపు సాయంత్రానికల్లా కళ్ళజోడు కావాలన్నాడు. ఎల్లుండి స్కూలుకి సెలవట. కూతుర్ని చూడటానికి మోటారు సైకిలు మీద మూడు గంటల ప్రయాణం పెట్టుకున్నాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని వెళ్తే మనవరాలు మురిసిపోతుందని చెప్పాడు.

మనవరాలు కూడానా, అనుకుంది ఆమె. మూడేళ్ళలో ఈయనకి ఎన్ని కలిసొచ్చాయో.

*

ఇంట్లో వదిన ఇస్త్రీ చేస్తోంది. అన్నయ్య పోయాక వీధి చివరి లాండ్రీలో పనికి కుదిరింది. మిగిలిన బట్టలు ఇంటికి తెచ్చుకుని బల్ల మీద దుప్పటి పరిచి చేస్తుంది. రెండు గదుల ఇల్లు ఎప్పుడూ వేడి బట్టల వాసన వేస్తుంటుంది. ఇద్దరూ ఆ వాసనలోనే తింటారు, ఆ వాసనలోనే పడుకుంటారు.

"వాడు దొరికాడు వదినా."

ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీద ఆగింది. "ఎవడు?"

"వాడే. మా షాపుకే వచ్చాడు. నా చేతులతో వాడి ముఖం కొలిచాను."

కాలరు మాడేలోగా వదిన పెట్టెను లేపి నిలబెట్టింది. వదినకి ఇది కొత్త కాదు. మొదట బ్యాంకు దగ్గరి కాపలావాడు దొరికాడు. ఆ తర్వాత సినిమాహాల్లో టిక్కెట్లు చింపేవాడు దొరికాడు. రెండోసారి ఎస్సై చేతులు జోడించి, "అమ్మా, మీ బాధ అర్థమైంది, ఇక మమ్మల్ని వదిలెయ్యండి," అన్నాడు. ఆ రోజు స్టేషను నుంచి ఇంటిదాకా ఆడపడుచుని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది వదినే.

"బ్యాంకువాడికి మీసాలన్నావు. టిక్కెట్లవాడికి బుగ్గ మీద మచ్చ అన్నావు. ఈయనకేముంది?" అంది మెల్లగా.

"కనుబొమ్మ మీద గాటు."

"గాటు సంగతి నాకెప్పుడూ చెప్పలేదే."

"ఇవాళ చూడగానే గుర్తొచ్చింది. అప్పుడు పొరబడ్డాను వదినా, ఒప్పుకుంటాను. ఇప్పుడు కాదు. వాడు వ్యాను తోలేవాడట, వాడి నోటితోనే చెప్పాడు. మీసాలు తీసేసి ఉంటాడు. మచ్చ మానిపోయి ఉంటుంది."

చెప్తుంటే ఆమెకే ఆ మాటలు ఎక్కడో కుదరనట్టు అనిపించింది. కళ్ళు మూసుకుంది. వెంటనే ముఖం కనిపించింది, వైపర్ల వెనక, వెంట్రుకలతో సహా. మీసాలు లేవు, మచ్చ లేదు, గాటు ఉంది. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నదాన్ని ఎలా కాదంటారు?

"పోలీసుల దగ్గరికి వెళ్ళకు," అంది వదిన.

"వెళ్ళను."

వదిన తేలిగ్గా ఊపిరి తీసుకుంది. ఆడపడుచు ముక్కు మీద నుంచి కళ్ళజోడు తీసి, ఇస్త్రీకి నీళ్ళు చిలకరించే గుడ్డతో తుడవబోయింది.

"ఆ గుడ్డతో వద్దు వదినా! ఎన్నిసార్లు చెప్పాలి? గీతలు పడతాయి."

"సరేలే, నీ అద్దాలూ నువ్వూ," అని తిరిగి ఇచ్చేసింది వదిన. పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్ళనందో అడగలేదు. అడిగి ఉంటే ఆ రాత్రే చెప్పేసేదేమో.

*

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన భోజనానికి వెళ్ళగానే ఆమె వెనకగది తలుపు దగ్గరగా వేసి పని మొదలుపెట్టింది.

కళ్ళజోడు పనంతా మధ్యబిందువులోనే ఉంటుంది. లెన్సుకి ఒక మధ్యబిందువు ఉంటుంది. అది సరిగ్గా కంటిపాపకి ఎదురుగా రావాలి. అందుకే లెన్సుని కొలిచే మిషను దాని మీద వరసగా మూడు సిరా చుక్కలు పెడుతుంది, నడిమి చుక్క మధ్యబిందువు మీద పడుతుంది. మనిషికి కళ్ళజోడు పెట్టి, నడిమి చుక్క కంటిపాప మీద కూర్చుందని కళ్ళారా చూసుకున్నాకే చుక్కలు తుడవాలి. ఈ షాపులో అది చట్టం. పన్నెండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

చుక్కలు పెట్టింది. అరవై నాలుగుకి పెట్టాల్సిన దూరాన్ని డెబ్బై నాలుగు చేసింది. కంటికి అయిదు మిల్లీమీటర్లు, బయటివైపుకి. అంతే, ఇంకేమీ చెయ్యలేదు. పవరు కచ్చితంగా కార్డు మీద ఉన్నదే, అక్షరాలు శుభ్రంగా కనిపిస్తాయి. కానీ మైనస్ ఆరులో అంత జరిపితే కళ్ళు రెండూ పక్కలకి లాగి చూడాలి. ఎదురుగా ఉన్నది అసలుకంటే దూరంగా కనిపిస్తుంది. గోడ దూరంగా ఉందనుకుంటాడు. మలుపు ఇంకా రాలేదనుకుంటాడు. మూడు గంటల ప్రయాణంలో ఏదో ఒక లారీ ఇంకా దూరంగా ఉందనుకుంటాడు.

మిషను గీమంది. నీళ్ళు చిమ్మాయి. చేతులు నిన్నటిలా తడబడలేదు, అదే ఆమెకి ఆశ్చర్యంగా ఉంది. అంచు నున్నగా వచ్చింది. లెన్సులు ఫ్రేములో టక్కున కూర్చున్నాయి. ఇంత చక్కటి పని ఈ మధ్య చెయ్యలేదనిపించింది. చుక్కలు స్పిరిటుతో తుడిచేసింది.

పెద్దాయన తిరిగొచ్చి, పళ్ళు కుట్టుకుంటూ కళ్ళజోడు చేతిలోకి తీసుకున్నాడు.

"చుక్కలేవీ?"

"ఆయనకి తొందరన్నారు కదా సార్. సరి చూసుకుని తుడిచేశాను."

"ఎప్పుడూ ముందే తుడవవే."

"మళ్ళీ పెట్టమంటారా?"

పెద్దాయన లెన్సుల్ని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి కిందటేడే శుక్లాల ఆపరేషన్ అయింది. పవరు చూస్తాడు గానీ సన్నపనులన్నీ ఆమెకి వదిలేశాడు. "నువ్వు చూసుకున్నావుగా. నువ్వు చూశాక నేను చూసేదేముంది," అని చీటీ మీద సంతకం గీకేశాడు. తిట్టినా బాగుండేది. ఆమె వెనకగదిలోకి వెళ్ళి, పని లేకపోయినా మిషను తొట్టిలో నీళ్ళు మార్చింది.

సాయంత్రం డ్రైవరు వచ్చాడు. ఆమే అతని చెవుల వెనక కాడలు సర్ది, ముక్కు దగ్గర వదులు బిగించింది. అతను గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివి, "అబ్బో! ఈ చీమలు కూడా ఉన్నాయా గోడ మీద!" అన్నాడు. లేచి నాలుగడుగులు వేశాడు. కౌంటరు అంచు అందుకోబోతే చెయ్యి గాల్లో ఆగింది.

"కొంచెం... ఎలాగో ఉంది తల్లీ. నేల దూరం జరిగినట్టు."

"కొత్త కళ్ళజోడు కదా," అంది ఆమె. ఈ మాట రోజుకి పదిమందితో అంటుంది. అనడానికి ఆలోచించనక్కర్లేదు. "నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. మధ్యలో తియ్యకండి. పాతవి పెట్టుకున్నారంటే అసలు అలవాటవదు."

"తియ్యను." అతను పాత కళ్ళజోడు డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, తలుపు ఎంత దూరంలో ఉందో చేత్తో తడిమి, నవ్వుకుని వెనక్కి తిరిగాడు. "మా మనవరాలికి రేపు యోగం లేదు సార్. సెలవన్నారు గానీ, పిల్లలకి ఏవో ఆటల పోటీలట. నలభైమందిని వేసుకెళ్ళాలి. ఎనిమిదింటికి మీ షాపు ముందు నుంచే వెళ్తాను, హారన్ కొడతాలెండి!"

నలభైమంది. ఆమె నోరు తెరిచింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది: అయ్యా, ఒక్క నిమిషం, చుక్కలు చూడలేదు, ఇటివ్వండి. రెండు మాటలు, అంతే. అతను వెలుతురులోకి తిరిగాడు, గాటు మెరిసింది, వాన శబ్దం చెవుల్లో హోరుమంది. బయట ఎండగా ఉందని ఆమెకి తెలుస్తూనే ఉంది. తలుపు మూసుకుంది.

*

అన్నం కలిపి ముద్ద ఎత్తకుండా కూర్చున్న ఆడపడుచుని చూసి వదిన తన కంచం పక్కకి జరిపింది.

"ఏం చేశావు?"

ఆ గొంతు వినగానే దాచాలనిపించలేదు. అయిదు మిల్లీమీటర్లు, తుడిచేసిన చుక్కలు, నలభైమంది పిల్లలు, అన్నీ చెప్పేసింది. చెప్తూ చెప్తూ గొంతు పెంచింది. "వాడు చూశాడు వదినా! అన్నయ్య కింద పడ్డాక వాడు ఆగి చూశాడు. నేను వాడి కళ్ళలోకి చూశాను. ఆపి దిగి ఉంటే అన్నయ్య బతికేవాడు. వాడికి తెలియాలి!"

వదిన లేచి చెయ్యి కడుక్కుంది. ఇనుప బీరువా తెరిచి, అడుగున మడతల కింద నుంచి గోధుమరంగు కాగితం కవరు తీసింది. దాని మీద ఆసుపత్రి ముద్ర ఉంది. కవరు బల్ల మీద బోర్లించింది. అన్నయ్య గడియారం పడింది. తాళంచెవులు పడ్డాయి. ఆఖర్న ఒక ఆడవాళ్ళ కళ్ళజోడు పడింది. ఎర్ర ఫ్రేము, ఒక లెన్సు లేదు, ఒక కాడ వంగిపోయింది.

ఆమె దాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఆ ఫ్రేములో లెన్సులు బిగించుకున్నది తనే.

"ఇది అక్కడ రోడ్డు మీద పోయింది. అన్నయ్య దగ్గరికి పరిగెత్తినప్పుడు ముఖం మీద నుంచి పడిపోయింది," అంది.

"మీ అన్నయ్య చొక్కా జేబులో ఉంది. జేబుకి గుండీ పెట్టి ఉంది. నర్సు నా ఎదురుగానే గుండీ విప్పి తీసింది," అంది వదిన. "వాన పడితే నీ అద్దాలు తీసి మీ అన్నయ్య జేబులో పెట్టేదానివి. నీకు చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. తడిస్తే మరకలు పడతాయని."

"అబద్ధం."

"అవి లేకుండా నీకు చెప్పులు దొరకవు. ఆ మనిషి కళ్ళలోకి ఎలా చూశావు?"

"అబద్ధం! నువ్వే పెట్టావు జేబులో. మూడేళ్ళు దాచి ఇవాళ చూపిస్తున్నావెందుకు? వాణ్ణి కాపాడటానికా? నీ మొగుణ్ణి చంపినవాడు వదినా వాడు!"

వదిన ముఖం ఒక్కసారి వాడిపోయింది. చెయ్యెత్తుతుందేమో అనుకుంది ఆమె, కొడితే బాగుండుననీ అనుకుంది. వదిన గడియారాన్నీ తాళాల్నీ కవర్లో వేసేసింది. ఎర్ర ఫ్రేముని మాత్రం బల్ల మీదే వదిలేసింది.

"ఆయనకి ఫోను చెయ్యి. కార్డు మీద నంబరుంటుందిగా."

"కార్డు షాపులో ఉంది. పెద్దాయన తాళం వేసుకుని వెళ్ళిపోయాడు."

"అయితే పొద్దున్నే వెళ్ళి ఆపు. ఎవరి మొగుడు పోయాడో నాకు తెలుసు. నలభైమంది పిల్లలు నాకొద్దు," అని వదిన పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

*

ఆమె ఏడున్నరకే షాపు ఎదుటి కాలిబాట మీద నిలబడింది. ఆపడానికి రాలేదు. రాత్రంతా తనకి తాను చెప్పుకున్నది ఒకటే: వదిన చెప్పింది తప్పని తేలిపోతే చాలు. బస్సు వచ్చినప్పుడు కళ్ళజోడు తీసి చూస్తాను. ముఖం కనిపిస్తుంది. కనిపించాక ఏం చెయ్యాలో అప్పుడు చూసుకోవచ్చు.

సన్నగా తుంపర మొదలైంది. వాన పడుతున్నది నిజమా, తన చెవుల్లోనేనా అని అరచెయ్యి చాపి చూసుకుంది. చెయ్యి తడిసింది. పాలవాడు సైకిలు మీద వెళ్తూ, "షాపు ఇంకా తెరవలేదా అక్కా?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి వెళ్ళిపోయాడు. ఎదుటి మేడ మీద ఎవరో తడిసిపోతున్న బట్టలు గబగబా లాగేస్తున్నారు.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా వీధి చివర మలుపులో పసుపుపచ్చ బస్సు కనిపించింది. మలుపు తిరగడమే బాగా వెడల్పుగా తిరిగింది. పక్క చక్రం కాలిబాట అంచెక్కి ధబ్బున దిగింది. లోపల పిల్లలు కేరింతలు కొట్టారు. వాళ్ళకదో ఆట.

ఆమె కళ్ళజోడు తీసింది.

వీధి కరిగిపోయింది. మేడలు లేవు, బట్టలు లేవు. పసుపుపచ్చటిదేదో ఒకటి శబ్దం చేస్తూ పెద్దదవుతోంది. అద్దం ఉండాల్సినచోట బూడిదరంగు మరక ఉంది. అందులో ఇంకో నల్లటి మరక అటూ ఇటూ ఊగుతోంది, అది వైపరు కావచ్చు. ఆమె కళ్ళు చికిలించింది. ఇప్పుడు కనిపిస్తుంది, ఇంకొంచెం దగ్గరికి వస్తే కనిపిస్తుంది. ముప్పై అడుగులు. ఇరవై ఉంటాయేమో. కనుబొమ్మ లేదు. గాటు లేదు. కళ్ళు లేవు. మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియడం లేదు. ఆ రోజు అన్నయ్య పడినచోటుకీ వ్యానుకీ మధ్య ఇంతకంటే ఎక్కువ దూరముంది.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ముఖం కాదు, గొంతు. ఆ గొంతు తనదే.

ఆమె రోడ్డు మీదికి దిగి, రెండు చేతులూ పైకెత్తి బస్సుకి అడ్డంగా నిలబడింది.

ఆపాల్సిన మనిషి వెంటనే ఆపడని ఆమెకి తెలుసు. తను ఇంకా దూరంగా ఉన్నానని అనుకుంటాడు. అలా అనుకునేలా చేసింది తనే. హారన్ మోగింది. శబ్దం మీదికొచ్చింది. బ్రేకులు కీచుమన్నాయి, పిల్లల కేరింతలు అరుపులయ్యాయి, వేడిగాలి ముఖానికి కొట్టింది. పసుపురంగు తప్ప ఇంకేమీ లేదు. ఆమె కళ్ళు మూసుకోలేదు, మూసినా తెరిచినా ఒకటే.

బస్సు ఆగింది. చెయ్యి చాపితే చల్లటి రేకు తగిలింది. చెయ్యి పూర్తిగా చాపాల్సిన పని కూడా లేకపోయింది.

"చావడానికి నా బస్సే దొరికిందా!" తలుపు తెరుచుకున్న చప్పుడు, దూకిన బూట్ల చప్పుడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. తడి అద్దాల్లోంచి డ్రైవరు కనిపించాడు, పెదవులు తెల్లగా పాలిపోయి. "నువ్వా తల్లీ? నీకేమైనా పిచ్చా? ఎక్కడో ఉన్నావనుకున్నాను, ఇక్కడున్నావు! ఇంకొక్క అడుగైతే..."

"ఆ కళ్ళజోడు ఇచ్చెయ్యండి. లెన్సులు తప్పు బిగించాను."

అతను కళ్ళజోడు తీసి దాని వైపు చూశాడు. "నిన్నటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. పొద్దున గేటు స్తంభానికి అద్దం రాసుకుంది. నాలుగు రోజులన్నావని ఓర్చుకున్నాను." కొత్తవి ఆమె చేతికిచ్చి, జేబులోంచి పాత డబ్బా తీసి, గీతలు పడ్డ కళ్ళజోడు పెట్టుకుని, నేలకేసి చూసి, ఒక్కసారి గట్టిగా నిట్టూర్చాడు. "సరే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

ఇక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అతను అప్పటికే మెట్టు మీద కాలు పెట్టాడు.

"పొరపాటు కాదండీ. కావాలనే చేశాను."

అతను వెనక్కి తిరిగాడు. బస్సు కిటికీల నిండా పిల్లల ముఖాలున్నాయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కి చూస్తున్నారు.

"కావాలనా? ఎందుకు? నేనేం చేశాను నీకు?"

"ఏమీ చెయ్యలేదు. మిమ్మల్ని ఇంకొకరు అనుకున్నాను."

అతను ఆమెని పైనుంచి కిందికి చూశాడు. కిటికీల వైపు చూశాడు. ఒకటి, రెండు, మూడు అని పిల్లల్ని లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి. తిడతాడనుకుంది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు, ఆమె చేతిలో కత్తి ఉన్నట్టు.

"సాయంత్రం మీ పెద్దాయనతో మాట్లాడతాను," అన్నాడు.

"రండి. నేను కూడా అక్కడే ఉంటాను."

అతను ఎక్కి కూర్చున్నాడు. బస్సు చాలాసేపటిదాకా కదల్లేదు. కదిలాక చాలా నెమ్మదిగా, మనిషి నడిచినంత నెమ్మదిగా వెళ్ళింది. ఆ వానలో, ఆ గీతల అద్దాల మనిషి వెళ్తుంటే ఆమె చూస్తూనే ఉంది. ఎవరైనా కావచ్చు. బ్యాంకువాడు కావచ్చు, టిక్కెట్లవాడు కావచ్చు, అన్నయ్యని గుద్దినవాడు కూడా కావచ్చు. ఇక ఎప్పటికీ తెలియదు.

*

వదిన పనికి వెళ్ళలేదు. గడపలో నిలబడి ఉంది. ఆడపడుచు చేతిలో కొత్త కళ్ళజోడు చూడగానే తలుపు పట్టుకున్న చెయ్యి వదులైంది.

"ముఖం లేదు వదినా," అంది ఆమె, చెప్పులు విప్పకుండానే. "అద్దం వెనక ఏమీ లేదు. నాకేమీ కనపడలేదు."

వదిన తలుపు పూర్తిగా తెరిచింది.

"ఆ రోజు కూడా ఏమీ కనపడలేదు. కనపడకపోయినా ముందు నేను దాటేశాను. అన్నయ్య అవతలే ఆగాడు, వాన ఎక్కువగా ఉందని. నేనే వెనక్కి తిరిగి పిలిచాను. వచ్చెయ్ అన్నయ్యా, ఏమీ రావట్లేదు అని. నేను పిలిచానని వచ్చాడు." ఆమె గడప ఇవతలే ఆగింది. "ఈ సంగతి నీకు చెప్పాలి. చెప్పాక నువ్వు నన్ను వెళ్ళిపొమ్మన్నా..."

"నాకు తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఆసుపత్రి వరండాలో, నేను వచ్చీ రాగానే నా రెండు చేతులూ పట్టుకుని నువ్వు చెప్పిన మొదటి మాట అదే. నా మీద పడి అదే మాట ఎన్నిసార్లు చెప్పావో. తెల్లారేసరికి ఆ మాట పోయింది. వ్యానువాడి ముఖం ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టావు."

"మరి నువ్వు... మూడేళ్ళు..."

"ఆయన పోయాడు. నువ్వు కూడా పోతావేమోనని భయమేసింది. ఎవరి ముఖమో ఒకటి ఉండనీలే అనుకున్నాను," అంది వదిన. "తప్పు చేశాను. ఇంతదాకా వస్తుందనుకోలేదు."

తుంపరకి అద్దాలు మసకబారి ఆమెకి వదిన ముఖం సరిగ్గా కనిపించడం లేదు. తుడుచుకోవాలని కూడా తోచక అలాగే నిలబడింది. వదినే చెయ్యి చాపి కళ్ళజోడు తీసి, భుజం మీద ఉన్న ఇస్త్రీగుడ్డతో రెండు అద్దాలూ గట్టిగా రుద్ది తుడిచింది. గీతలు పడతాయని ఆమె అనలేదు.

"పెట్టుకో. పెట్టుకుని లోపలికి రా, రాత్రి కూడా తినలేదు," అని వదిన కళ్ళజోడు ఆమె చెవుల మీద సర్దింది.